వంద మీటర్ల కాలమ్, రెండు గంటల ఇరవై నిమిషాల ఓపిక

ఇది ల్యాబ్‌లో పని చేసేవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ. ముడిచమురు నుంచి వచ్చే తేలికపాటి ద్రవం నాఫ్తాలో ఏమేం ఉన్నాయో ఒక్కో పదార్థాన్నీ విడదీసి లెక్క తీసే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ ప్యాకేజీ ఒకటి మూడేళ్లుగా నా చేతుల మీదుగా నడుస్తోంది. శాంపిల్‌ను విడదీసే వంద మీటర్ల సన్నటి గొట్టం (కాలమ్), సున్నా డిగ్రీల దాకా చల్లబడే ఓవెన్, ఆటో శాంప్లర్, గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి లేచే శిఖరాలకు (పీకులకు) పేర్లు పెట్టే సాఫ్ట్‌వేర్, ఇదీ సరంజామా. అమ్మేవాళ్లు దీన్ని డీటెయిల్డ్ హైడ్రోకార్బన్ ఎనాలిసిస్ అంటారు. మేం డీహెచ్ఏ అంటాం. కంపెనీ పేరు మాత్రం రాయను. కొన్ని చేదు సంగతులు చెప్పాల్సి ఉంది. పైగా పరీక్షల ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎం వాళ్ల డీ 6729 పద్ధతి ప్రకారం అమ్మే ప్యాకేజీలన్నిటికీ ఎముకల గూడు ఒకటే, పైన తొడిగిన చొక్కాలే వేరు.

ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తావంటే, విడదీయడానికి ఐదు, పేర్లు పెట్టడానికి రెండున్నర. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా నాకు ఒక రాత్రి షిఫ్టులో తెలిసొచ్చింది. అది తర్వాత చెబుతాను.

ఇది రాకముందు మా దగ్గర నాఫ్తాకు పెద్ద పరీక్ష అంటే డీ 86 డిస్టిలేషనే. 100 మి.లీ. శాంపిల్, ఫ్లాస్కు, కండెన్సర్, నిమిషానికి 4 నుంచి 5 మి.లీ. చొప్పున పడే ధార. మొదటి చుక్క ఎన్ని డిగ్రీలకు పడింది, సగం ఎక్కడికి దిగింది, చివర ఎక్కడ ఆగింది. దానికి సాంద్రత, సల్ఫర్, ఆవిరి పీడనం జోడిస్తే రిపోర్టు అయిపోయేది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, నా ఉద్యోగంలో సగం దాని ముందు నిలబడే గడిచింది. కానీ అది చెప్పేది ఏ వేడికి ఎంత మరిగిందనే తప్ప మరిగింది ఏమిటని కాదు.

ఒకసారి రెండు ట్యాంకుల హెవీ నాఫ్తా పరీక్షకు వచ్చింది. డీ 86లో రెండూ కవలలే. 95కి అటూ ఇటూగా మొదలు, 165 దగ్గర ముగింపు. ఈ యంత్రంలో పెడితే మొదటిదానిలో ప్యారాఫిన్లు (గొలుసు అణువులు) 62, నాఫ్తీన్లు (ఉంగరం అణువులు) 27, ఆరోమాటిక్స్ (బెంజీన్ లాంటి ఉంగరాలు) 11 శాతం. రెండోదానిలో 48, 38, 14. నాఫ్తాను ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోల్ సరుకుగా మార్చే యూనిట్, అదే రిఫార్మర్ వాళ్లకు ఎన్ ప్లస్ టూ ఏ అని ఒక లెక్క ఉంది. నాఫ్తీన్ల శాతానికి ఆరోమాటిక్స్ శాతాన్ని రెట్టింపు చేసి కలుపుతారు. అలా చూస్తే మొదటిది 49, రెండోది 66. మరిగే తీరు ఒకటే, పనికొచ్చే చోట్లు మాత్రం వేరు. ప్లాటినం కెటలిస్టు మీద నాఫ్తీన్ ఉంగరం హైడ్రోజన్ వదిలేసి ఆరోమాటిక్‌గా మారడం తేలిక. మిథైల్ సైక్లోహెక్సేన్ మూడు హైడ్రోజన్ అణువులు వదిలితే టోలుయీన్ అవుతుంది. ప్యారాఫిన్ అయితే ముందు ఉంగరంగా చుట్టుకోవాలి. అది నిదానం, మధ్యలో విరిగి గ్యాస్ అయిపోయే అవకాశమూ ఎక్కువ. ప్లాస్టిక్‌కు ముడిసరుకైన ఇథిలీన్ తయారుచేసే క్రాకర్ సంగతి దీనికి తలకిందులు. ఆవిరి కలిపి 800 డిగ్రీలు దాటించే ఆ కొలిమిలో ఎక్కువ ఇథిలీన్ ఇచ్చేవి కొమ్మలు లేని తిన్నటి గొలుసులు, నార్మల్ ప్యారాఫిన్లే. ఆరోమాటిక్ ఉంగరం అక్కడ పగలదు, అలాగే వెళ్లి కొలిమి నుంచి వచ్చే ద్రవంలో, పైరోలిసిస్ గ్యాసోలిన్‌లో తేలుతుంది. కాబట్టి 49ని క్రాకర్ వైపు, 66ని రిఫార్మర్ వైపు పంపమని రాసిచ్చాం. అంతకుముందైతే రెంటినీ ఒకే గొట్టంలోకి తోసేవాళ్లం.

యంత్రం పెట్టె విప్పిన రోజు గుర్తుంది. కాలమ్ చేతిలోకి తీసుకుంటే పెద్ద గాజుల దండంత ఉంటుంది, బరువే ఉండదు. పొడవు 100 మీటర్లు, లోపలి వ్యాసం 0.25 మి.మీ., లోపలి గోడకు 0.5 మైక్రాన్ల మందాన డైమిథైల్ పాలీసిలోక్సేన్ పూత. సరదాకి లెక్క వేశాను, ఇంత పొడవు గొట్టంలోని ఖాళీ అంతా కలిపినా 5 మి.లీ. కూడా లేదు. సిరంజి 0.2 మైక్రోలీటర్ తీసుకుంటుంది. అందులో 200 వంతుల్లో ఒక వంతు మాత్రమే కాలమ్‌లోకి పోతుంది, మిగతాది బయటికి. అంటే ఒక నానోలీటరు. పది లక్షల లీటర్ల ట్యాంకు ఎటు పోవాలో ఆ ఒక్క నానోలీటరు తేల్చాలి. దీని సంగతి శాంప్లింగ్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఓవెన్ 0 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అక్కడ 15 నిమిషాలు ఆగుతుంది. తర్వాత నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 50 దాకా, 2 డిగ్రీల చొప్పున 130 దాకా, 4 డిగ్రీల చొప్పున 270 దాకా ఎక్కుతుంది. మొత్తం 140 నిమిషాలు. మళ్లీ చల్లబడటానికి పట్టే సమయం అదనం. ఎనిమిది గంటల షిఫ్టులో మూడు శాంపిళ్లు వెళితే గొప్ప. సున్నాకు దించాలంటే కార్బన్ డయాక్సైడో ద్రవ నైట్రోజనో కావాలి, ఆ సిలిండర్ల గోల వేరే. ఆ ఖర్చు తప్పించుకుందామని 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి చూశాను. వెనకాలంతా బాగానే వచ్చింది గానీ ముందు వరసలో బ్యూటేన్లు, పెంటేన్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయాయి. లైట్ నాఫ్తాకు అది కుదరదు. హెవీ నాఫ్తా మాత్రమే చూసేవాళ్లయితే ప్రయత్నించవచ్చు.

విడదీసే పని గురించి ఎంత చెప్పినా తక్కువే. బెంజీన్ 80.1 డిగ్రీల దగ్గర మరుగుతుంది, సైక్లోహెక్సేన్ 80.7 దగ్గర. ఈ రెంటినీ డిస్టిలేషన్‌తో విడగొట్టబోతే ఏ టవరూ చాలదు. ఈ కాలమ్ మీద మాత్రం ముందు బెంజీన్, వెనక సైక్లోహెక్సేన్, మధ్యలో చక్కటి ఖాళీ. హెప్టేన్‌కు 9 ఐసోమర్లు (అవే పరమాణువులు, అమరిక వేరు), ఆక్టేన్‌కు 18, నోనేన్‌కు 35, డెకేన్‌కు 75. అవన్నీ ఒకే వీధిలో బారులు తీరి నడుస్తుంటే ఎవరి మానాన వాళ్లను విడిగా నడిపించడం మాటలు కాదు. ఇంజన్‌లో టకటక కొట్టకుండా కాలే గుణాన్ని కొలిచే ఆక్టేన్ నంబరు నార్మల్ హెప్టేన్‌ది 0, ఐసో ఆక్టేన్‌ది 100, కొలబద్దే వాటి మీద కట్టారు. పెట్రోల్‌లో ఎవరెవరు ఎంతమంది ఉన్నారన్నది ఎందుకు ముఖ్యమో ఆ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. తొమ్మిది కార్బన్లు దాటాక ఈ యంత్రం కూడా చేతులెత్తేస్తుంది. అక్కడ పీకులు గుంపులు గుంపులుగా వస్తాయి, పేర్ల బదులు ‘పది కార్బన్ల ఐసో ప్యారాఫిన్’ (కొమ్మలున్న గొలుసు) అని కులం పేరు చెప్పి ఊరుకుంటుంది. అది తప్పేం కాదు, ఉన్నమాట ఒప్పుకోవడమే. మెటా, పారా జైలీన్లు కూడా ఈ పూత మీద దాదాపు కలిసే వస్తాయి. వాటిని విడిగా కొలవాలనుకునేవాళ్లు పోలార్ పూత ఉన్న వేరే కాలమ్ చూసుకోవాలి.

మాకు దీని వల్ల రోజూ జరిగే మేలు స్ప్లిటర్ దగ్గర. నాఫ్తాను లైట్, హెవీ అని రెండుగా చీల్చే ఆ టవర్ అడుగు నుంచి రిఫార్మర్‌కు వెళ్లేదానిలో ఆరు కార్బన్ల ఉంగరాలు ఎంత ఉన్నాయన్నదే ప్రశ్న. మిథైల్ సైక్లోపెంటేన్ 71.8 డిగ్రీలకు, సైక్లోహెక్సేన్ 80.7కు మరుగుతాయి. ఈ రెండూ రిఫార్మర్‌లోకి దిగితే బెంజీన్ అయి బయటికొస్తాయి. చాలా దేశాల్లో పెట్రోల్‌లో బెంజీన్ ఘనపరిమాణంలో 1 శాతం దాటకూడదు. అందుకని వీటిని పైకే లాగేసి, అణువుల ఆకారం మార్చే ఐసోమరైజేషన్ యూనిట్‌కు పంపుతారు. మునుపు టవర్ వాళ్లు ఉష్ణోగ్రత చూసి అంచనాగా నడిపేవాళ్లు. ఇప్పుడు పొద్దున్నే ఫోన్ చేసి, “మేడమ్, అడుగులో సైక్లోహెక్సేన్ ఎంతొచ్చింది?” అని అడుగుతున్నారు. ప్రశ్నలో పదార్థం పేరు వినపడటమే నాకు పెద్ద మార్పు.

ఇక పేర్ల సంగతి.

సాఫ్ట్‌వేర్ పేర్లు పెట్టే పద్ధతి సూత్రంగా చూస్తే అందమైనది. 1958లో కోవాట్స్ చూపించిన దారే అది. నార్మల్ ప్యారాఫిన్లను మైలురాళ్లుగా పాతుకోవాలి. హెక్సేన్ 600, హెప్టేన్ 700, ఆక్టేన్ 800. మిగతావన్నీ ఏ రెండు రాళ్ల మధ్య ఎంత దూరంలో వచ్చాయో చూసి ఒక్కోదానికి ఒక సూచిక ఇస్తారు. లైబ్రరీలో ఆ సూచిక ఎదురుగా ఏ పేరుంటే అదే పేరు. తిరకాసు ఎక్కడంటే, రాళ్లు కదలకపోయినా ఇళ్లు కదులుతాయి. ఆరోమాటిక్స్, నాఫ్తీన్ల సూచిక ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. ఓవెన్ కార్యక్రమం కాస్త అటూ ఇటూ అయినా, కాలమ్‌లో శాంపిల్‌ను మోసుకెళ్లే గ్యాస్ ఒత్తిడి కొంచెం తగ్గినా, బెంజీన్ పక్కింటి గుమ్మం దాకా జరుగుతుంది. మా దగ్గర యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజనీర్ వాళ్ల సొంత ల్యాబ్‌లో ఇంకో కాలమ్ మీద తయారు చేసిన లైబ్రరీని తెచ్చి ఇందులో ఎక్కించాడు. ప్రామాణిక మిశ్రమం ఒకటి నడిపి, అన్ని పేర్లూ సరిపోయాయని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ మిశ్రమంలో ఓలెఫిన్లు (జంట బంధం ఉన్న అణువులు) పట్టుమని పది కూడా లేవు. సంతకం పెట్టింది నేనే, కాబట్టి అందులో నా వాటా తప్పూ ఉంది.

ఎనిమిది నెలల పాటు ఏ గొడవా లేదు. మాకు వచ్చేదంతా క్రూడ్ టవర్ నుంచి నేరుగా దిగిన నాఫ్తా, అందులో ఓలెఫిన్లు దాదాపు ఉండవు. లైబ్రరీ తప్పు బయటపడే సందర్భమే రాలేదు.

ఆ రాత్రి, హైడ్రోజన్‌తో సల్ఫర్ లాంటి మలినాలు తీసేసే హైడ్రోట్రీటర్‌కు వెళ్లాల్సిన ట్యాంకు శాంపిల్ ఒకటి వచ్చింది. రిపోర్టులో నాఫ్తీన్లు మామూలు కంటే ఎక్కువ, బెంజీన్ రెట్టింపు, ఓలెఫిన్లు 3 శాతం. మొత్తం 100.00. సాఫ్ట్‌వేర్ పక్కన ఆకుపచ్చ టిక్కు కూడా పెట్టింది. ప్లానింగ్ వాళ్లు చూస్తే మురిసిపోయే అంకెలవి. నేను కూడా పంపేసేదాన్నే. ఎందుకో క్రోమటోగ్రామ్‌ను, అంటే పీకుల గ్రాఫ్‌ను, పెద్దది చేసి చూశాను. ప్రతి నార్మల్ ప్యారాఫిన్ పీక్‌కు ముందు ఒక చిన్న పీక్ నిలబడి ఉంది. హెక్సేన్ ముందు ఒకటి, హెప్టేన్ ముందు ఒకటి, ఆక్టేన్ ముందు ఒకటి. దొర ముందు బంట్రోతు నడిచినట్టు, వరసగా, క్రమం తప్పకుండా. సహజంగా దొరికిన నాఫ్తాలో ఆ బంట్రోతులు ఉండరు. వేడితో అణువులను పగలగొట్టిన చోట, అంటే బరువైన మడ్డిని పగలగొట్టే కోకర్ యూనిట్లో, విరిగిన గొలుసు చివర జంట బంధం మిగిలిపోతుంది. వన్ హెక్సీన్, వన్ హెప్టీన్, వన్ ఆక్టీన్. అవే ఈ బంట్రోతులు.

ట్యాంకులో కోకర్ నాఫ్తా కలిసిందని మాకెవరూ చెప్పలేదు. పక్క టేబుల్ మీద పెద్దాయన ఒకరు ఉండేవారు, రిటైర్మెంటుకు ఏడాది ఉందేమో. “సార్, బ్రోమిన్ నంబర్ ఒకటి చేసిపెడతారా?” అన్నాను. జంట బంధాలు ఎంత బ్రోమిన్ పట్టుకుంటాయో చూసే పాత పరీక్ష అది. “నీ లక్షల ఖరీదు యంత్రం చెప్పలేదామ్మా?” అని నవ్వుతూనే టైట్రేటర్ ముందు కూర్చున్నారు. ఇరవై నిమిషాల్లో అంకె చేతికొచ్చింది, 24. వంద గ్రాముల శాంపిల్ 24 గ్రాముల బ్రోమిన్ తాగేసింది. బ్రోమిన్ అణుభారం 160, ఓలెఫిన్ల సగటు అణుభారం 100 అనుకుంటే ఓలెఫిన్లు 15 శాతం దాకా ఉండాలి. యంత్రం చెప్పింది 3. మిగతా పన్నెండూ ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. పక్కన ఉన్న నాఫ్తీన్ల పేర్లు, ఐసో ప్యారాఫిన్ల పేర్లు తగిలించుకుని రిపోర్టులోనే దర్జాగా కూర్చున్నాయి. బెంజీన్ రెట్టింపు కావడం వెనకా అదే కథ. వన్ మిథైల్ సైక్లోపెంటీన్ అనే ఓలెఫిన్ ఈ పూత మీద సరిగ్గా బెంజీన్ వచ్చే చోటే వస్తుంది. రెండూ ఒకే పీకు. లైబ్రరీలో ఆ చోట ఒకటే పేరుంది.

అది అలాగే వెళ్లి ఉంటే? హైడ్రోట్రీటర్‌లో ఓలెఫిన్లకు హైడ్రోజన్ అంటించేటప్పుడు వేడి పుడుతుంది. 3 శాతానికి సిద్ధపడిన కెటలిస్టు బెడ్డు మీదికి 15 శాతం వస్తే ఉష్ణోగ్రత ఎలా ఎగబాకుతుందో ఆపరేటర్లకు చెప్పక్కర్లేదు. వీటి వెంట వచ్చే డైఓలెఫిన్లు (రెండు జంట బంధాలున్నవి) దారిలోనే హీట్ ఎక్స్చేంజర్లలో బంకగా పేరుకుంటాయి. ఆ ట్యాంకును ఆపి, కొంచెం కొంచెంగా మంచి నాఫ్తాలో కలుపుతూ వాడుకున్నారు. కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి, “మేడమ్, టోటల్ వంద వచ్చింది కదా, సిస్టం బాగానే ఉన్నట్టే” అన్నాడు.

ఆ ‘టోటల్ వంద’ మీద నాకున్న కోపం ఇక్కడ కాస్త వెళ్లగక్కుకోనివ్వండి. ఈ యంత్రం కొలిచిన పీకుల విస్తీర్ణాలన్నీ కూడి, ఒక్కోదాన్నీ ఆ మొత్తంతో భాగిస్తుంది. వంద రాకుండా ఎలా ఉంటుంది? సీసాలో సగం ఆవిరైపోయినా వందే. డీజిల్ కలిసినా వందే. డిటెక్టర్‌లో ఉన్నది హైడ్రోజన్ మంట, అందులో కార్బన్ కాలితేనే దానికి కబురు అందుతుంది. నీళ్లు దానికి కనపడవు, హైడ్రోజన్ సల్ఫైడూ కనపడదు. పద్ధతి పరిధి 225 డిగ్రీల లోపు మరిగేవాటికే. ఒకసారి డీజిల్ నడిచిన లైన్‌లోంచి వచ్చిన నాఫ్తా పెట్టాం. ఆ శాంపిల్ రిపోర్టు ముత్యంలా వచ్చింది. దాని తర్వాత పెట్టిన శాంపిల్లో, ఏ పీకూ ఉండకూడని చోట, ఒంటె మూపురాల్లా గుట్టలు లేచాయి. మొదటిదానిలో దిగకుండా కాలమ్‌లో చిక్కుకుపోయిన బరువులన్నీ రెండోదాని నెత్తిన పడ్డాయి. అప్పటి నుంచి ప్రతి శాంపిల్‌కూ ముందు డీ 86 చేసి, చివరి బిందువు చూశాకే ఇందులో పెడుతున్నాం. పాత ఫ్లాస్కు కొత్త యంత్రానికి కాపలా కాస్తోంది.

శాంపిల్ సీసా దగ్గర జరిగే పాపాలు యంత్రం ఖాతాలో పడతాయి, అది పాపం దానికి అన్యాయం. ఒకే ట్యాంకు నుంచి ఒక పూట తేడాతో రెండు సీసాలు వచ్చాయి. ఒకదానిలో పెంటేన్లు 9.4 శాతం, ఇంకోదానిలో 7.1. కాలమ్ మీద అనుమానపడ్డాం, సెప్టం (సూది గుచ్చే రబ్బరు బిళ్ల) మార్చాం, లైనర్ (దాని కింది గాజు గొట్టం) మార్చాం, ఆటో శాంప్లర్ సిరంజి కూడా మార్చాం. చివరికి తేలిందేమిటంటే రెండో సీసా మూత కింద వాషర్ లేదు, అది ల్యాబ్‌కు చేరేలోపు బండి వెనక ఎండలో గంటసేపు కూర్చుంది. ఐసో పెంటేన్ 28 డిగ్రీలకే మరుగుతుంది, దానికి ఎండ అక్కర్లేదు, సాకు చాలు. అవి పోయిన మేరకు మిగతా అంకెలన్నీ కొద్దికొద్దిగా లావెక్కాయి, మొత్తం మళ్లీ 100. ఇప్పుడు సీసాలు మంచు పెట్టెలో వస్తాయి, తెరిచే ముందు చల్లగా ఉందో లేదో చేత్తో ముట్టుకుని చూస్తాం, వయల్ నింపాక వెంటనే మూత నొక్కేస్తాం. ఆటో శాంప్లర్ ట్రేకి చల్లబరిచే ఏర్పాటు విడిగా కొనుక్కోవాలట. దాన్ని విడి వస్తువుగా అమ్మడం నాకు మింగుడు పడలేదు. నాఫ్తా కోసమని అమ్మే యంత్రానికి అది తోకలా కూడా రావాలి.

లైబ్రరీని నేను నాలుగు నెలలు కూర్చుని మళ్లీ కట్టాను. ముందు నార్మల్ ప్యారాఫిన్లు, తర్వాత మా రిఫార్మర్ నుంచి వచ్చిన సరుకు, రిఫార్మేట్ నడిపి ఆరోమాటిక్స్ చోట్లు ఖాయం చేసుకున్నాను. దాంట్లో ఆరోమాటిక్స్ దండిగా ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. ఐసో ప్యారాఫిన్లకు, అవే ఎక్కువగా ఉండే ఆల్కిలేట్ వాడాను. ఓలెఫిన్లకు కోకర్ నాఫ్తా, క్యాట్ క్రాకర్ గ్యాసోలిన్. ఇప్పుడు రెండు లైబ్రరీలు ఉన్నాయి, ఒకటి నేరు నాఫ్తాకు, ఒకటి పగలగొట్టినదానికి. రెండోది వాడేటప్పుడు బెంజీన్ పీకు పక్కన ఒక గుర్తు పెడతాం, ఇందులో ఇంకొకరు ఉండవచ్చని. టోలుయీన్‌కు కూడా ఇలాంటి జత ఒకటుంది, 2,3,3 ట్రైమిథైల్ పెంటేన్. ఈ జతలను విడదీయడానికి ముందు ఒక చిన్న కాలమ్ ముక్క తగిలించే పద్ధతి డీ 6730లో ఉంది. ఆ ముక్క పొడవు కోస్తూ సరిచూసుకోవాలి, గీతకు అటూ ఇటూ అయితే మళ్లీ మొదటికే. కోకర్ నాఫ్తా ఎక్కువ చూసేవాళ్లు మొదటే ఆ దారి పట్టడం మేలు. ఏం పరీక్షిస్తారని అమ్మేవాళ్లు మమ్మల్ని అడిగి, ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. అడగలేదు.

పోటీలో ఉన్నవాటి గురించి నాలుగు మాటలు. గాజు గొట్టంలో సిలికా జెల్ పోసి రంగు పట్టీల పొడవు కొలిచే డీ 1319 పాతకాలపు చుట్టం. ప్యారాఫిన్లనూ నాఫ్తీన్లనూ అది విడదీయలేదు, రెంటినీ సాచురేట్స్ అనేస్తుంది, కాబట్టి రిఫార్మర్ ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. గుంపుల శాతాలు మాత్రమే కావాలి, ఓలెఫిన్లు ఎక్కువగా ఉంటాయి అనుకుంటే డీ 6839 ప్రకారం కాలమ్‌లు, ట్రాప్‌లు మార్చుకుంటూ నడిచే మల్టీ డైమెన్షనల్ యంత్రం నయం. దానికి మరమ్మతుల ఓపిక కావాలి. అతినీలలోహిత శోషణతో గుర్తుపట్టే వీయూవీ డిటెక్టర్ ఇంకొకటి. పెట్రోల్‌కు దాని పద్ధతి డీ 8071, ముప్పై మీటర్ల కాలమ్‌తో అరగంట చిల్లరలో పని అయిపోతుంది. కలిసి వచ్చిన పీకులను వాటి వర్ణపటం చూసి విడదీయగలదు. నా సమస్యకు మందు అదేనేమో. ప్రదర్శనలో చూశాను, సొంతంగా వాడలేదు, అందుకే నక్షత్రాలు ఇవ్వను.

ఇది చేయని పనులు కూడా తెలిసి కొనాలి. రిఫార్మర్ కెటలిస్టును కాపాడాలంటే ఫీడ్‌లో సల్ఫర్ 0.5 పీపీఎం లోపు ఉండాలి, దాన్ని చూడటానికి డీ 5453 యంత్రం వేరే ఉండాల్సిందే. ఆర్సెనిక్, పాదరసం, సీసం, క్లోరైడ్‌లు, సిలికాన్ ఏవీ ఇందులో కనపడవు. సిలికాన్ దగ్గర ఒక తమాషా ఉంది. కోకర్ డ్రమ్ములో నురగ పొంగకుండా పోసే మందు పాలీడైమిథైల్ సిలోక్సేనే. అది వేడికి విరిగి నాఫ్తాలోకి దిగి హైడ్రోట్రీటర్ కెటలిస్టును పాడు చేస్తుంది. నా కాలమ్ లోపలి పూత కూడా అదే కుటుంబం. శత్రువు తమ్ముడిని ఇంట్లో పెట్టుకుని శత్రువు కోసం వెతుకుతున్నాం. 270 డిగ్రీల దగ్గర బేస్‌లైన్ (గ్రాఫ్ అడుగు గీత) లేవడం మొదలైతే అది తమ్ముడు కరుగుతున్న గుర్తు. ఎక్కడో గ్యాస్ లీకై ఆక్సిజన్ లోపలికి వచ్చిందంటే మరీ త్వరగా కరుగుతాడు. మొదటి కాలమ్ అలాగే పద్నాలుగు నెలలకు పోయింది, కాలమ్ కొసను పట్టి ఉంచే ఫెర్రూల్ బిగింపు వదులై. రెండోది ఇప్పటికీ బాగుంది. ప్రతి సెప్టం మార్పు తర్వాత లీక్ చూడటం తప్ప నేను కొత్తగా చేసిందేమీ లేదు.

కాలమ్‌లో శాంపిల్‌ను మోసుకెళ్లే హీలియం దొరకని రోజుల్లో హైడ్రోజన్‌కు మారాం. వేగం పెరిగింది, విడదీయడం తగ్గలేదు. కానీ ఓవెన్ లోపల హైడ్రోజన్ లీకైతే ఏమవుతుందో తెలుసు కాబట్టి సెన్సర్ పెట్టించేదాకా ముట్టుకోలేదు. మారాక లైబ్రరీ సూచికలన్నీ మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది, ఇంకో మూడు వారాలు.

సాఫ్ట్‌వేర్ వాడకంలో చిరాకులు చిన్నవే గానీ రోజూ తగులుతాయి. పేరు మార్చిన పీకుకు ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో రాసుకోదు. బరువు శాతం నుంచి ఘనపరిమాణ శాతానికి మార్చేటప్పుడు పేరు తెలియని పీకులకు ఏ సాంద్రత వాడిందో ఎక్కడా చూపించదు. తెలియనివన్నీ కలిపి అడుగున ఒక వరస వేస్తుంది, ఆ వరస డిఫాల్ట్‌గా ప్రింటులో రాదు. దాన్ని ప్రింటులోకి తెచ్చే టిక్కు సెట్టింగుల్లో మూడో తెర అడుగున ఉంది. కొన్నవాళ్లు ముందు వెళ్లి ఆ టిక్కు పెట్టండి. తెలియనివి 2 శాతం దాటితే మేం రిపోర్టు పంపం, మనిషి కూర్చుని చూడాల్సిందే.

చూడటం నేర్పాల్సిన పిల్లలు ఇద్దరు కొత్తగా చేరారు. వాళ్లకు మొదటి వారం సాఫ్ట్‌వేర్ తెరవనివ్వలేదు. కాగితం మీద క్రోమటోగ్రామ్ అచ్చు వేసి, పెన్సిల్‌తో నార్మల్ ప్యారాఫిన్లు గుర్తించమన్నాను. రెండో వారం బంట్రోతులను వెతకమన్నాను. అందులో ఒకమ్మాయి మొన్న ఒక శాంపిల్ పట్టుకొచ్చి, “మేడమ్, దీనికి బంట్రోతులు లేరు, కానీ ఓలెఫిన్లు 4 శాతం అంటోంది” అంది. తప్పు లైబ్రరీ ఎంచుకున్నారు పొద్దుటి షిఫ్టు వాళ్లు.

కంపెనీ వాళ్లు గత నెల వచ్చారు. కొత్త వెర్షన్ అట, కాలమ్ చిన్నది, సమయం సగం కంటే తక్కువ, పేర్లు దానంతట అదే దిద్దుకుంటుందట. తెర మీద చూపించిన క్రోమటోగ్రామ్ కడిగిన ముత్యంలా ఉంది. ఏ శాంపిల్ అని అడిగితే ప్రామాణిక మిశ్రమం అన్నారు. లోపలికి వెళ్లి మా కోకర్ నాఫ్తా సీసా ఒకటి, వాషర్ ఉన్న మూత బిగించి, మంచు పెట్టెలో పెట్టి చేతికిచ్చాను. బ్రోమిన్ నంబరు సీసా మీద రాయలేదు. మీ యంత్రంలో నడిపి, క్రోమటోగ్రామ్‌తో పాటు తెలియనివాటి వరస కూడా పంపండి, అప్పుడు మాట్లాడదాం అన్నాను. ఐదు వారాలైంది. మంచు పెట్టె కూడా తిరిగి రాలేదు.